గుండ్రటి మొనలు

కొమ్ము కోసినప్పుడు రాలే పొట్టులో
ఒక తెల్లారి ముడుచుకుని పడుకుని ఉంది.
అందుకే దాని పేరు పొట్టు.
లేపితే లేవలేదు. తోస్తే నా చెయ్యి నాకి
పనికిరాని కొమ్ముముక్కొకటి నోట కరుచుకుని
రంపం బల్ల కింద తన వాటా తను తీసుకుంది.

పర్లాకిమిడిలో మా వీధి దాటినవాళ్ళకి తెలుసు
కొమ్ము నిప్పుమీద మెత్తబడేటప్పటి
కాలిన జుట్టు వాసన.
మనుషులు ముక్కు మూసుకుని నడుస్తారు.
ఇది ఆ వాసన పట్టుకునే మూడు వీధులు దాటి వచ్చిందంటాను నేను.

మెడకి ముందు గోనెతాడు కట్టాను. ఒరిసి
వెంట్రుకలూడి ఎర్రబడింది.
సంతలో అరవై రూపాయలు పెట్టి నైలాన్ పట్టీ కొంటే
అమ్మినవాడు ఊరికే చెప్పాడు:
"రెండు వేళ్ళు దూరాలి మాస్టారూ.
మూడు దూరితే జారిపోతుంది.
ఒకటే దూరితే అది మీ మాట వినదు, మిమ్మల్ని భరిస్తుంది."
నా వేళ్ళు లావు.
తవిటమ్మ వేళ్ళతో కొలిచాం.

పశువుల ఆసుపత్రిలో టీకా వేయించాను.
పచ్చ కార్డు మీద డాక్టరు ఒడియాలో దాని పేరు రాశాడు,
ఒక్కో అక్షరం గొడుగేసుకున్నట్టు.
అదీ అలాంటిదే.
"రా" అంటే తెలుగులో వస్తుంది,
"బొసొ" అంటేనే కూర్చుంటుంది.

గోళ్ళంటే నాకు భయం లేదు.
గోరూ కొమ్మూ ఒకటే సరుకు.
ఎక్కడిదాకా ప్రాణం, ఎక్కడినుంచి వట్టి పెంకు
ముప్పయ్యేళ్ళుగా వెలుతురుకి పట్టి చూస్తున్నాను.
కానీ దీని నల్లగోళ్ళలో వెలుతురు దూరదు.
అందుకని కత్తెర వద్దనుకున్నాను. సన్న ఆకురాయి,
టీకి ముందు రోజుకొక గోరు.
పద్దెనిమిదోది అయ్యేసరికి
మొదటిది మళ్ళీ గచ్చుమీద టకటకమంటుంది.

వానాకాలం పిడుదులు.
చెవి మడతలో, వేళ్ళ సందున, తోక మొదట.
చిమటా తోలుకి ఆనించి, మెలితిప్పకుండా, నిటారుగా లాగి
సబ్బునీళ్ళ గిన్నెలో వెయ్యడం.
ఇరవై ఒకటి. తొమ్మిది. మూడు. సున్నా.
సున్నా వచ్చిన రోజు తవిటమ్మ దానికి గుడ్డు పెట్టింది.
నాకు పెట్టలేదు.

స్నానం గోరువెచ్చని నీళ్ళతో, ముందు కాళ్ళకి, చివర తలకి,
చెవుల్లో దూదుండలు పెట్టి.
ఒళ్ళు విదిలిస్తే నా చొక్కాకీ స్నానం.
ఆరాక దువ్వాలి కదా,
నా చేతి దువ్వెనే తీశాను, వెడల్పు పళ్ళది,
భువనేశ్వరం దుకాణంవాళ్ళు మెచ్చుకున్న రకం.

మొదటి దువ్వుకి వీపు తోలు వణికింది.
రెండోదానికి తల తిప్పి చూసింది.
కరవలేదు, మూలగలేదు. చూసింది.
పన్ను మొనతో నా ముంజేతి మీద గీసుకున్నాను.
తెల్లగీత. కాసేపటికి ఎర్రగీత.

ఆ రాత్రి కూర్చుని ఇరవైమూడు మొనలూ
ఒక్కొక్కటే గుండ్రంగా అరగదీశాను.
పొద్దున్న దువ్వితే పొట్టు కళ్ళు మూసుకుంది,
వెనక కాలు దానంతటది
గాలిని రంపంలా కోసింది.

"చూశావా," అన్నాను గొప్పగా,
"ఎన్ని వేల దువ్వెనలు చేశాను!
గుచ్చుకుంటోందని ఒక్కరూ అనలేదు.
ఈ కుక్క చెప్పాలి."

తవిటమ్మ దండెం మీద తడిచీర పరుస్తోంది.
వెనక్కి తిరగలేదు.
"పెళ్ళయిన వారానికే సెప్పినాను.
పాతపట్నం నుంచి నాను తెచ్చుకున్న ప్లాస్టిక్ దువ్వెన
పొయ్యిలో పడేసినావు."

నాకు గుర్తులేదన్నాను.
ఆకుపచ్చది అది. రెండు పళ్ళు విరిగినది.

బల్లమీద కొత్త కొమ్ము పరిచి ఉంది.
పళ్ళ మధ్య ఎడం ఎంత ఉండాలో
జుట్టు చూస్తే తప్ప తెలీదు.
ఆవిడ జుట్టు ఇప్పుడెంత పలచబడిందో
సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో.

అందుకే ఈ సాయంత్రం
ఇప్పటికే రెండుసార్లు దువ్విన కుక్కని
మళ్ళీ దువ్వుతూ
ఆవిడ పక్కన, కాస్త వెనగ్గా, కూర్చున్నాను.